బుడగ మధ్యలో లేని కుర్చీ

ఒక మంచి కుర్చీని మేమంతా కలిసి ఎంతో శ్రద్ధగా బాగుచేసి, పనికిరాకుండా చేసిన సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి. తర్వాత మేమూ నవ్వుకున్నాం. ఆ వారం మాత్రం మా షెడ్డులో ఎవరి ముఖాన నవ్వు లేదు.

పాత సామాను బాగుచేసి మళ్లీ వాడటం ఇప్పుడు పెద్ద చదువైంది. మా పక్కింటి అమ్మాయికి కాలేజీలో సర్క్యులర్ ఎకానమీ అని పాఠం ఉందట. పుస్తకం పట్టుకొచ్చి, "పెద్దమ్మా, నువ్వు జిందగీ మొత్తం చేసింది గిదే గదనే" అంది. నా కడుపు నిండిపోయింది. చాయ్ పెట్టిచ్చి పాఠమంతా చదివించుకొని విన్నాను. అన్నీ మంచి మాటలే ఉన్నాయి, కాని ఈ కుర్చీ సంగతి అందులో లేదు. ఉండదు కూడా. అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నేనే చెబుతున్నాను.

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మాదొక రేకుల షెడ్డు. నగరంలో ఏ ఆఫీసు మూతపడినా దాని కుర్చీలూ బల్లలూ లారీల్లో మా దగ్గరికి వచ్చేవి. కిరాయికిచ్చిన మంచాలు, సోఫాలు గడువు తీరాక తిరిగొచ్చేవి. వాటిని విప్పి, ఒకదాని కాలు, ఇంకోదాని వీపు తీసి కలిపి, మళ్లీ కూర్చునేట్టు చేసి పంపేవాళ్లం. చెత్తకుప్పకు ఏదీ పోకూడదన్నది మా కంపెనీ పట్టుదల. తర్వాత ఇళ్ల నుంచి కూడా సామాను తెప్పించడం మొదలుపెట్టారు. ఫోనులో నొక్కితే చాలు, మా టెంపో మీ గుమ్మం ముందుకు వచ్చేది.

నాది కుషన్ సెక్షన్. చినిగిన సీటు విప్పి, పాత ఫోమ్ పారేసి, కొత్తది కోసి పెట్టి, పైన రెక్సిన్ బిగించడం నా పని. మాది గుమ్మడిదల పక్క పల్లె. కూలికి పోయే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ షెడ్డుకు రాకముందు మందుల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేశాను. ఆ వాసనకు ఇంటికొచ్చినా అన్నం సయించేది కాదు. ఇక్కడ చెక్కపొట్టు వాసన తగిలిన మొదటి రోజే, ఇక నన్ను వెళ్లగొట్టినా వెళ్లకూడదు అనుకున్నాను. వెళ్లలేదు. ఆ షెడ్డు నా సంసారాన్ని నిలబెట్టింది, నా మోకాళ్లను అరగదీసింది. రెండింటికీ కలిపి ఒకే దండం పెడతాను.

కర్రపని మా ఉస్తాద్‌ది. బీహార్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. సగం తెలుగు, సగం హిందీ, కోపమొస్తే రెండూ కాని భాష ఇంకోటి. అతనికీ నాకూ పడేది కాదు. పడేది కాదంటే, రోజూ పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ పోట్లాడుకునేంతగా పడేది కాదు. కర్ర వంకరంతా నా కుషన్ కప్పుకుంటోందని నేను. కింద కర్ర లేకపోతే నీ కుషన్ నేల మీద పరుచుకోవాలని అతను. నాకు నోరెక్కువ, అతనికి చెవులు తక్కువ. అందుకే అన్నేళ్లు సాగింది.

షెడ్డు నడిమధ్య ఒక నల్లరాతి బండ ఉండేది. ఉస్తాద్ దాన్ని తన చేత్తో, వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా పరిచాడు. లోపలికొచ్చిన ప్రతి కుర్చీ ముందుగా ఆ బండ ఎక్కాలి. దాని సీటు మీద లెవెల్ పట్టీ పెట్టేవాడు. ఆ పట్టీలో గాజుగొట్టం, గొట్టంలో నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. బుడగ నడుమకొస్తే కుర్చీ సమంగా ఉన్నట్టు. రాకపోతే ఎవరినీ అడిగేది లేదు, రంపం తీసేవాడు. "బుల్‌బులా బీచ్ మే" అనేవాడు. అంటే బుడగ మధ్యలో ఉండాలని. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఆ మాటే. ఆ పద్ధతి వల్లే మా కుర్చీ ఊగుతోందని ఎవరూ తిరిగి పంపలేదు. మాకది చెప్పలేనంత గర్వంగా ఉండేది.

మృగశిర కార్తె రోజులు. వాన ఇంకా పడలేదు, ఉక్క మాత్రం చంపుతోంది. మా టెంపో డ్రైవర్, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు, ఒక చెక్క కుర్చీ దించాడు. అతనిది వెలిమెల. వాళ్ల మొక్కజొన్న పొలమున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఏ టవర్ పక్క నుంచి పోయినా, "గీడ మా మక్కచేను ఉండె అక్కా" అనేవాడు. బాధగా కాదు, దారి చెప్పినట్టు.

"కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీదక్కా" అన్నాడు. "ఒకామె పైకెల్లి మోసుకొచ్చి టెంపోల పెట్టింది. పనికి పోవాలె, ఆలస్యమైతున్నదని మాటన్న మాట్లాడకుంట ఉరికింది. సీటు చినిగింది సూడు."

సీటు చినగడం ఒక్కటే అయితే ఏముంది! ఎడమవైపు రెండు కాళ్ల కింద చెక్కముక్కలు, ఒకదాని మీద ఒకటి, మేకులు వంకరగా దిగి ఉన్నాయి. అడుగున పాత హవాయి చెప్పు కోసి అంటించిన రబ్బరు. ఎడమచేతి కట్టె రంపంతో కోసేసి ఉంది. నేను సీటు విప్పితే లోపల ఫోమ్ ఒకవైపు అప్పచ్చిలా అణిగిపోయి, రెండోవైపు ఉబ్బెత్తుగా ఉంది. దాని కింద మడతపెట్టిన పాత చీరపేలిక.

ఉస్తాద్ నడుము మీద చేతులు పెట్టుకొని దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"యే కుర్సీ హై యా కబాడ్? ఎవడు చేసిండు గిట్ల?"

"ఎవలో పాపం, చేతనైనంత చేసుకున్నరు" అంది పాలిష్ వేసే చెల్లె. ఆమెదీ మా మండలమే.

"పాపం గీపం నహీ. బండ మీద పెట్టు."

పెట్టారు. బుడగ ఒక కొసకు పారిపోయింది. ఉస్తాద్‌కు పౌరుషం వచ్చింది. మేకులు పీకి ముక్కలన్నీ ఊడదీశాడు. కాళ్లను చిత్రిక పట్టి సమం చేశాడు. కుడిచేతి కట్టెకు జతగా, అదే వంపుతో, ఎడమవైపు కొత్త కట్టె చెక్కి తగిలించాడు. అతని పనితనం చెప్పడానికి నాకు నోరు చాలదు. ఏది పాతదో ఏది కొత్తదో ఆనవాలు పట్టలేరు. నేనూ తగ్గలేదు. గట్టి ఫోమ్ సమంగా కోసి, ముదురు మెరూన్ రెక్సిన్ బిగించాను. పాలిష్ చెల్లె అద్దంలా మెరిపించింది. మా సారు, అంటే మేనేజరు, మంచి కుర్రాడు, ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. ముందు ఇలా, తర్వాత ఇలా అని అందరికీ చూపిస్తానన్నాడు.

ఊడదీసిన చెక్కముక్కలు షెడ్డు వెనక కట్టెల పొయ్యిలోకి పోయాయి. వాటి మీదే ఆ సాయంత్రం మా చాయ్ మరిగింది. కుర్చీ బాగా కుదిరిందని ఉస్తాద్ ఆ రోజు నాతో పోట్లాడకుండా తాగాడు.

కుర్చీ ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే సారు నాకు ఫోను ఇచ్చాడు. ఇళ్ల నుంచి ఆడవాళ్లు మాట్లాడితే నాకే ఇచ్చేవాడు. అవతల ఒక అమ్మాయి గొంతు.

"అక్కా, నా కుర్చీ నాకు పంపుండ్రి."

"పంపినం గద బిడ్డా. నిన్ననే డ్రైవర్ ఇచ్చొచ్చిండు."

"గది నాది గాదక్కా. మంచిగుంది, కొత్తదానిలెక్క ఉంది. గని నేను కూసుంటే పక్కకు ఒరిగిపోతున్న."

నాకు చురుక్కుమంది. మా పనికి వంక పెట్టడమా! "కొత్త రెక్సిన్ గట్లనే ఉంటది. రెండు దినాలు కూసుంటే అదే సర్దుకుంటది" అన్నాను.

ఆమె మెల్లగా చెప్పింది. "నాకు చిన్నప్పుడు పోలియో వచ్చిందక్కా. ఎడమకాలు సన్నం, పొట్టి. ఆ దిక్కు ఎత్తు లేకుంటే నా నడుం నిలవడదు. మా అవ్వ చెక్కలు కొట్టి ఎత్తు చేసింది. గవి ఏడున్నయ్? గవన్న పంపుండ్రి."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాను.

"బట్ట చినిగిందని ఇస్తే కాళ్లు కోస్తరా అక్కా ఎవరన్నా?" అని అడిగింది. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అని తప్పించుకునేదాన్నే. ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

మిగతా సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆమె కుట్టుపని చేసుకుంటుంది. ఇన్నేళ్లూ చీరలకు ఫాల్స్, లంగాలు, చినిగినవాటికి అతుకులు, ఇవే. ఈసారి కాలనీ దగ్గరి ఒక చిన్న బడివాళ్లు పిల్లల యూనిఫాంలు కుట్టమని మొదటిసారి ఆమెకు ఇచ్చారు. వచ్చే సోమవారం బడి తెరుస్తారు. ఆలోగా అందిస్తే ఏటా ఆమెకే ఇస్తామన్నారు. అందకపోతే రెడీమేడ్ షాపుకు వెళ్లిపోతారు. కత్తిరించిన గుడ్డ ఇంటినిండా ఉంది. మంచం మీద కూర్చుంటే మిషన్ అందడం లేదు, మా కుర్చీలో కూర్చుంటే కాసేపటికే తుంటి నొప్పి ఓర్చుకోలేకపోతోంది.

సారుకు చెబితే ఒక్క క్షణం ఆలోచించలేదు. స్టాకులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన ఆఫీసు కుర్చీ తీయించాడు. ఒక మీట నొక్కితే అటు వంగుతుంది, ఇంకోటి తిప్పితే ఇటు లేస్తుంది. "ఇది ఆమెకే ఇచ్చేద్దాం, డబ్బుల మాట ఎత్తకండి" అన్నాడు. ఉస్తాద్, నేను, డ్రైవర్ తమ్ముడు కొల్లూరుకు బయలుదేరాం. సర్కారు పేదలకు కట్టిచ్చిన ఆ కాలనీ చూశారా? వరసలు వరసలుగా ఒకే రంగు బిల్డింగులు, దారి తప్పితే ఇంక అంతే. ఆ రోజు కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. కుర్చీని మెట్ల మీద మోసుకెళ్లాం. ఉస్తాద్ ఎవరినీ పట్టుకోనివ్వలేదు, తనే మోశాడు.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. నవ్వుముఖం, ఆ పూట మాత్రం నొప్పితో వాడి ఉంది. మేం తెచ్చిన కుర్చీలో కూర్చుంది. అన్ని మీటలూ నొక్కి చూశాం. ముందుకు వంగింది, వెనక్కి వాలింది, పైకి లేచింది. ఒకవైపు మాత్రం ఎత్తు కాలేదు. ప్రపంచంలో ఉన్న సుఖాలన్నీ ఉన్నాయి దాంట్లో, ఆమెకు కావాల్సిందొక్కటే లేదు. పైగా చక్రాలు. మిషన్ తొక్కబోతే కుర్చీ వెనక్కి పోయింది.

అంతలో వాళ్లమ్మ వచ్చింది. కట్టడాల దగ్గర కూలి చేస్తుంది, కబురందగానే తలకు చుట్టుకున్న గుడ్డతోనే వచ్చేసింది. మమ్మల్ని చూడగానే గుమ్మంలోనే నిలబడి దులిపేసింది.

"ఏం పోయిందయ్యా మీకు? కాళ్లు కోసిపెట్టమని నేను అడిగిన్నా? ఏండ్లకెల్లి మొత్తుకుంటే నా బిడ్డకు ఒక పని దొర్కింది. గది గుంజుకున్నరు గదా!"

అంత నోరున్న మనిషిని, నేను కూడా తలదించుకున్నాను. ఉస్తాద్ రెండు చేతులూ జోడించాడు. "మాజీ, అమ్మా, తప్పైంది, గల్తీ హోగయీ. నేను మళ్ల చేసిస్త. చెక్క ఎంత మందం ఉండె? నాప్, కొలత చెప్పు, చాలు."

"నాపేంది?" అంది ఆమె. "సైటు కాడ పారేసిన సెంట్రింగు చెక్కలు ఏరుకొచ్చి కొట్టిన. ఒకటి కొట్టుడు, బిడ్డ మొఖం సూసుడు. నొసలు ముడుసుకొని ఉంటే ఇంకోటి కొట్టుడు. ముడత పోయినంక ఆపిన. గదే నా నాపు."

"అయితే ఇప్పుడు కూడా గట్లనే సూసి చెప్పు మాజీ."

"ఇప్పుడు ఏం సూడాలె? తుంటి వాచి ఉన్నది. ఎట్ల కూసున్నా నొస్తనే ఉన్నది. నొప్పి మొఖంల ఏం కనవడ్తది?"

అమ్మాయి మాత్రం మధ్యలో, "అవ్వా, ఆగరాదే. వచ్చినోళ్లకు నీళ్లన్న ఇయ్యి" అంది. మా వల్ల కూర్చోలేకపోతున్న పిల్ల మాకు నీళ్లిమ్మని చెబుతోంది. ఆ నీళ్లు తాగి, మా ఆఫీసు కుర్చీని మళ్లీ మెట్లు దించుకున్నాం.

తిరిగి వస్తుంటే డ్రైవర్ తమ్ముడు మక్కచేను మాట ఎత్తలేదు. పటాన్‌చెరు దగ్గరికొచ్చాక ఉస్తాద్ అన్నాడు, "దీదీ, ఆ ముక్కలతోటి చాయ్ తాగినం మనం." అన్నాక మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

చాయ్ అనగానే నాకు పొయ్యి గుర్తొచ్చింది. పొయ్యి గుర్తొస్తే పొయ్యిలో వేయనిది గుర్తొచ్చింది. ఫోమ్! ఫోమ్ కాల్చం, పొగ చెడ్డది. పాత ఫోమంతా గోనెసంచుల్లో కుక్కి పెడితే స్క్రాప్ బండి వచ్చి తీసుకుపోతుంది. దాన్ని తురిమి, మళ్లీ అచ్చులు పోసి పరుపులు చేస్తారు. ఆ పిల్ల హాయిగా కూర్చున్న రోజులన్నీ ఆ ఫోమ్ మీదే కూర్చుంది కదా. ఒకవైపు అణిగి, ఒకవైపు ఉబ్బి ఉన్నది ఊరికే కాదు కదా!

షెడ్డుకు వెళ్లేసరికి స్క్రాప్ బండి గేటు దగ్గరే ఉంది, సగం సంచులు ఎక్కేశాయి. నేను అరిచిన అరుపుకు పక్క కంపెనీ వాచ్‌మన్ కూడా పరుగెత్తుకొచ్చాడు. సంచులన్నీ కింద గుమ్మరించాం. సారు ప్యాంటు మడిచి మాతోపాటు ఫోమ్ కుప్పలో దిగాడు. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కొసకు పాలిష్ చెల్లె ఒక ముక్క పైకెత్తి, "అక్కా, గిదేనా? చీరపేలిక అంటుకొని ఉన్నది" అంది. నేను ఆమెను అక్కడికక్కడే కావలించుకున్నాను. ఇద్దరం చెక్కపొట్టు, ఫోమ్ పొడితో తెల్లబడిపోయాం.

ఆ ఫోమ్‌ను నల్లబండ మీద పెట్టాం. కుడివైపు ఆమె బరువంతా ఆనిన పల్లం. ఎడమవైపు తక్కువ ఆనింది. ముందు అంచు దగ్గర మంచికాలు తొడ నొక్కుకున్న గుర్తు. నేను వేళ్లతో నొక్కుకుంటూ పోయి ఎక్కడ గట్టి ఫోమ్ పెట్టాలో, ఎక్కడ మెత్తది పెట్టాలో గీతలు గీసుకున్నాను. ఉస్తాద్ కూడా చాలాసేపు చూశాడు. తర్వాత టేకు చెక్క తీసి, కార్డుల్లాంటి పల్చటి పలకలు ఒకే సైజులో వరసగా కోయడం మొదలుపెట్టాడు. ఎన్ని కావాలో తెలియదు కాబట్టి చాలానే కోశాడు.

మర్నాడు సారు లైను మొత్తం ఆపేశాడు. ఆఫీసు కుర్చీల లోడు పోవాల్సిన రోజది. "అది రేపు పోతుంది. ఇది పోదు" అన్నాడు. అందరం కొల్లూరు వెళ్లాం.

రాత్రంతా వేడి కాపడం పెట్టుకొని పడుకోవడం వల్ల ఆ అమ్మాయికి నొప్పి కొంచెం దిగింది. మేం బాగుచేసి పంపిన ఆమె కుర్చీకే ముందు ఎడమచేతి కట్టె తీసేశాం. ఎంత ముచ్చటపడి చెక్కాడో, ఉస్తాదే కోసేశాడు. అది ఉంటే గుడ్డ తిప్పేటప్పుడు మోచేయి తగులుతుందట. అందుకే వాళ్లమ్మ కోసింది. నేను అదే మెరూన్ రెక్సిన్‌తో కొత్త సీటు బిగించాను. తర్వాత ఉస్తాద్ నేల మీద మోకాళ్లేసి కూర్చున్నాడు. ఎడమకాళ్ల కింద ఒక్కో పలక పెట్టడం, ఆమెను కూర్చోబెట్టడం, ఆగడం. వాళ్లమ్మ ఎదురుగా గోడకానుకొని కూతురి ముఖం మీదే చూపు పెట్టింది.

"బోలో బేటీ."

"ఇంకా జెర."

ఇంకో పలక. "ఇప్పుడు?"

"ఏమో చాచా... తెలుస్తలేదు."

అందరి కళ్లూ తన మీదే ఉంటే ఎవరికి మాత్రం తెలుస్తుంది? నాకు విసుగొచ్చింది. "ఏయ్, అందరు గట్ల దానిదిక్కు గుడ్లప్పగించి సూస్తే ఎట్ల? బిడ్డా, నువ్వు మిషన్ నడుపు. మేం లేమనుకో" అన్నాను. గుడ్డ ముక్క అందించాను.

ఆమె కుట్టసాగింది. ఉస్తాద్ ఒక పలక పెట్టాడు. కుట్టింది, ఆగి నడుము సర్దుకుంది. ఇంకోటి పెట్టాడు. ఈసారి ఒక జేబు కుట్టడం అయింది, ఆగలేదు. చేయి చాపి ఇంకో ముక్క తీసుకుంది. అదీ అయింది. ఇంకోటి తీసుకుంది. మేం ఉన్నామన్న సంగతే మరిచిపోయింది. నొసలు నున్నగా ఉంది.

"ఆగు" అంది వాళ్లమ్మ మెల్లగా. "ఇగ ముట్టకు."

ఉస్తాద్ లేచాడు. అలవాటు చచ్చినా పోదు కదా, జేబులోంచి లెవెల్ పట్టీ తీశాడు. కుర్చీ వెనకపట్టె మీద ఆనించాడు. బుడగ ఒక కొసకు ఉరికింది. అతను దాన్ని చూశాడు. తర్వాత తలెత్తి, కుట్టుకుంటున్న ఆ అమ్మాయి భుజాలను చూశాడు. వెనక నుంచి ఆ పట్టీని ఆమెకు తగలకుండా, రెండు భుజాలకు సరిగ్గా ఎదురుగా గాల్లో పట్టుకున్నాడు. నన్ను కనుసైగతో పిలిచాడు. వెళ్లి చూశాను. బుడగ మధ్యలో ఉంది.

"దీదీ," అన్నాడు గుసగుసగా, "బీచ్ ఇక్కడ ఉండాలె. కుర్సీల కాదు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను ఏడిపించడం తప్ప తాను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

చెక్కలు గట్టిగా బిగించాక కూడా మేం కదల్లేదు. పోయిన పని పోయినట్టే ఉంది కదా! నేనూ పాలిష్ చెల్లే నేల మీద బాసింపట్లేసుకొని గుండీలు కుట్టాం, అంచులు మడిచాం. డ్రైవర్ తమ్ముడు దారాలు కత్తిరించాడు. సారు కింది నుంచి చాయ్ మోసుకొచ్చాడు. వాళ్లమ్మ మా అందరికీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ముందురోజు తిట్టిన నోటితోనే, "తినుండ్రయ్యా, సిగ్గుపడకుండ్రి" అంది. ఉస్తాద్ పచ్చిపులుసు రెండోసారి పోయించుకున్నాడు. ఆ తర్వాతి రెండు రోజులు కూడా షెడ్డు పని అయ్యాక నేనూ చెల్లే వెళ్లి కూర్చున్నాం.

సోమవారం పొద్దున డ్రైవర్ తమ్ముడు యూనిఫాంల మూటలు టెంపోలో బడికి చేర్చాడు. తిరిగొచ్చి, "అక్కా, ఒక చిన్నపోరి గీడనే తొడుక్కుంట అని ఏడ్సింది" అని చెప్పాడు. బడివాళ్లు మాట తప్పలేదు, మరుసటి ఏడూ ఆమెకే ఇచ్చారు.

ఆ తర్వాత మా షెడ్డులో ఒక పద్ధతి మారింది. బండ అక్కడే ఉంది, లెవెల్ పట్టీ ఉంది. కాని ఇళ్ల నుంచి సామాను ఎక్కించేటప్పుడు డ్రైవర్ తమ్ముడు అడిగేవాడు, "ఎవలు కూసుంటరు? ఎట్ల కూసుంటరు?" అని. జనం మొదట నవ్వేవారు. తర్వాత చెప్పేవారు, అబ్బో, ఎన్ని చెప్పేవారో! మా తాత ఒరిగి కూర్చుంటాడు, ఆ పల్లం తీయకండి అని. ఈ గీత మా పిల్లవాడి ఎత్తు, పాలిష్ చేయకండి అని. వస్తువుకు ఆయుష్షు పోయడమంటే కొత్తదానిలా చేయడమని అన్నేళ్లూ అనుకున్నాం. కొన్నింటికి అది నిజమే. కొన్నింటికి మాత్రం, అవి ఎవరివో వాళ్లవిగానే ఉండనివ్వాలి. ఇది మాకు చెప్పింది, మమ్మల్ని తిట్టకుండా నీళ్లిచ్చిన ఆ పిల్ల, తిట్టి రొట్టె పెట్టిన వాళ్లమ్మ. ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను.

నేను రిటైరయ్యే వారంలో ఆ కుర్చీ మళ్లీ వచ్చింది. మెరూన్ రెక్సిన్ అంచుల్లో పగిలింది. దించగానే కొత్తగా చేరిన కుర్రవాళ్లు దాన్ని బండ మీదికి ఎక్కించారు. ఉస్తాద్ పెట్టిన నున్నటి టేకు పలకల కింద, సిమెంటు మరకలున్న సెంట్రింగు చెక్క ఒకటి, వంకర మేకులతో కొట్టి ఉంది. ఏళ్లు గడిచాయి, ఆ పిల్ల ఒళ్లు మారింది, వాళ్లమ్మ మళ్లీ ముఖం చూసుకుంది. ఒక కుర్రవాడు మేకు పీకడానికి సుత్తి ఎత్తాడు.

"హాత్ మత్ లగా!" అని ఉస్తాద్ వేసిన కేకకు షెడ్డంతా ఆగిపోయింది. దగ్గరికి వచ్చి ఆ మురికి చెక్క మీద చేయి వేసి చూశాడు. గట్టిగానే ఉంది. "గిది వాళ్ల అమ్మ నాపు. నువ్వు సీటు సూస్కో దీదీ" అన్నాడు.

పాత ఫోమ్ విప్పి పక్కన పెట్టుకొని, దాన్ని చూస్తూ కొత్తది కోశాను. పైన ఈసారి నీలం రెక్సిన్ వేశాను. అదే నా చివరి పని. ఆ కుర్చీ మా దగ్గరికి వంకరగా వచ్చింది. దాన్ని వంకరగానే టెంపో ఎక్కించి, చేతులు కడుక్కొని ఇంటికి వచ్చేశాను.